సొంత కోర్టు లేని విజేతలు: శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్టు, 1954–56

విద్యాసంస్థల చరిత్రలు వ్రాసేవారు సాధారణంగా శంకుస్థాపనలతో ప్రారంభిస్తారు. ఏ దాత ఎంత స్థలమిచ్చాడు, ఏ గది ఏ సంవత్సరంలో లేచింది, ఆటస్థలానికి ప్రహరీగోడ ఎప్పుడు కట్టారు అన్న వివరాలతోనే తొలి పుటలు నిండుతాయి. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. ఇటుక ఇటుకగా లేచిన బడి విలువ ఆ ఇటుకలు మోసినవారికే తెలుస్తుంది. అయితే కట్టడమే లేని చోట కూడా చరిత్ర పుట్టిన సందర్భాలున్నాయి. అమెరికా పడమటి తీరాన ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయపు బాస్కెట్‌బాల్ జట్టు కథ అటువంటిది. 1954 డిసెంబరులో ఆ జట్టు కొత్త సీజనుకు సిద్ధపడేనాటికి దానికి సొంతమని చెప్పుకోవడానికి ఒక్క కోర్టు కూడా లేదు. పక్కనున్న ఉన్నత పాఠశాల వ్యాయామశాలను అడిగి తెచ్చుకుని అందులో సాధన చేసేవారు. పోటీలు మాత్రం గోల్డెన్ గేట్ ఉద్యానవనం అంచున ఉన్న కెజార్ పెవిలియన్‌లోనో, పెద్ద జనం వస్తారనుకుంటే కౌ పాలస్ అనే మందిరంలోనో జరిగేవి. ఈ రెండవది పేరుకు తగినట్లే పశుప్రదర్శనల కోసం కట్టించినది, 1941లో తెరిచారు. పత్రికలవారు ఈ జట్టుకు ‘ఇల్లులేని డాన్లు’ అని పేరు పెట్టారు. డాన్లు అన్నది ఆ కళాశాల జట్ల బిరుదనామం.

ఆ కళాశాలకు గత వైభవం లేకపోలేదు. 1855లో జెసూట్ మతగురువులు సెయింట్ ఇగ్నేషియస్ అకాడమీ పేరుతో దానిని ప్రారంభించారు. 1906లో వచ్చిన మహాభూకంపంలోను, దాని వెంట చెలరేగిన అగ్నిలోను అంతవరకు కట్టుకున్నదంతా బూడిదైపోయింది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. 1930లో దానికి విశ్వవిద్యాలయం అన్న పేరు వచ్చింది. 1955 దాని శతజయంతి సంవత్సరం. ఈ కథలోని ప్రధాన ఘట్టం సరిగ్గా ఆ సంవత్సరంలోనే జరగడం కాకతాళీయమే కావచ్చు గాని, ఉత్సవాలు చేసుకునే ఏ విద్యాసంస్థకైనా అంతకు మించిన కానుక దొరకదు.

ఇక్కడ బాస్కెట్‌బాల్ పుట్టుకను గూర్చి రెండు మాటలు చెప్పుకోవడం అసందర్భం కాదు. ఏ దేశపు జానపద క్రీడనుంచీ పరిణమించకుండా, ఒక వ్యాయామోపాధ్యాయుడు కూర్చుని ఆలోచించి రూపొందించిన ఆట ఇది. 1891 చలికాలంలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలలో, బయట మంచు పడుతుండగా లోపల విసిగిపోతున్న పద్దెనిమిదిమంది విద్యార్థులకు ఏదో ఒక వ్యాపకం కల్పించవలసిన భారం జేమ్స్ నైస్మిత్ అనే యువ అధ్యాపకునిపై పడింది. ఆయన 13 నియమాలు వ్రాసి గోడకు అంటించాడు. భవనం కాపలాదారు వెదికి తెచ్చిన రెండు పీచ్ పండ్ల బుట్టలను పదడుగుల ఎత్తున ఉన్న వసారా కమ్మీకి కొట్టించాడు. చేతికి అందిన ఫుట్‌బాల్‌తో, పక్షానికి తొమ్మిదిమంది చొప్పున ఆడిన ఆ తొలి ఆటలో పడిన బంతి ఒక్కటే. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్ సంస్థలోనే చదువుకున్న హారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను నెలకొల్పాడు. దక్షిణాదిన ఎన్నో పాఠశాలల వ్యాయామోపాధ్యాయులు అక్కడ తయారైనవారే. కనుక మద్రాసు రాష్ట్రంలోని బడి మైదానాలలో రెండు కర్రలు పాతి ఇనుప చక్రాలు బిగించినప్పుడు, ఆ చక్రాలకూ స్ప్రింగ్‌ఫీల్డ్ పండ్ల బుట్టలకూ మధ్య దూరం ఒక్క గురుపరంపర మాత్రమే.

శాన్ ఫ్రాన్సిస్కో కథకు మరొక పూర్వరంగం ఉంది. అది బాస్కెట్‌బాల్‌కు సంబంధించినది కాదు. 1951లో ఆ కళాశాల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు తొమ్మిది పోటీలాడి తొమ్మిదీ గెలిచింది. అంతటి జట్టుకు సీజను చివర జరిగే ప్రతిష్ఠాత్మకమైన పోటీకి ఆహ్వానం రావడం ఆనవాయితీ. అయితే ఆ జట్టులో ఓలీ మాట్సన్, బర్ల్ టోలర్ అనే ఇద్దరు నల్లజాతి యువకులున్నారు. వారిద్దరినీ ఇంటివద్ద వదిలి రాగలిగితే దక్షిణాది పోటీకి పిలుపు దొరుకుతుందన్న మాట జట్టుకు చేరింది. తక్కిన ఆటగాళ్ళు ఒప్పుకోలేదు. ఆహ్వానం రాలేదు. ఆ ఆదాయం కూడా పోవడంతో ఖర్చులు భరించలేని కళాశాల ఫుట్‌బాల్ విభాగాన్నే ఎత్తివేసింది. మరుసటి సంవత్సరం మాట్సన్ ఒలింపిక్ పరుగులో పతకం తెచ్చుకున్నాడు. టోలర్ 1965లో ఆ దేశపు వృత్తి ఫుట్‌బాల్ సంఘంలో తొలి నల్లజాతి నిర్ణేత అయ్యాడు. నష్టపోయింది కళాశాల ఖజానా ఒక్కటే. 1954 నాటి బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు కళాశాలలో చేరేనాటికి ఈ సంగతి అందరి నోళ్ళలోను నానుతున్నది.

బాస్కెట్‌బాల్ జట్టు శిక్షకుడు ఫిల్ వూల్‌పర్ట్. 1949లో ఇదే కళాశాలకు జాతీయ ఆహ్వాన పోటీలో విజయం తెచ్చిపెట్టిన పీట్ న్యూయెల్ వెళ్ళిపోయిన తరువాత 1950లో ఆయన ఆ స్థానంలోకి వచ్చాడు. మనిషి సన్నగా, కొంత ఆందోళనగా ఉండేవాడు. ఆటను దాడితో గాక రక్షణతో గెలవాలన్నది ఆయన సిద్ధాంతం. బంతి మన చేతిలో లేనప్పుడు మనం ఏం చేస్తున్నామన్నదే ముఖ్యమని ఆయన చెప్పే పాఠం చూపరులకు ఇంపు కాదు. బుట్టలో బంతి వేయడం చూడటానికి జనం డబ్బిస్తారు గాని, వేయనివ్వకపోవడం చూడటానికి ఎవరిస్తారు? కాని ఆయన చేతికి చిక్కిన ఇద్దరు విద్యార్థులు ఆ నీరసమైన సిద్ధాంతాన్ని కన్నులపండువగా మార్చారు.

వారిలో మొదటివాడు విలియం ఫెల్టన్ రస్సెల్. లోకానికి బిల్ రస్సెల్. 1934 ఫిబ్రవరి 12న లూసియానా రాష్ట్రంలోని మన్రోలో పుట్టాడు. నల్లవాడు పెట్రోలు బంకులో తన వంతు కోసం తెల్లవారందరూ అయ్యేదాకా వేచి ఉండవలసిన ఊరది. వేచి ఉండలేక కదలబోయిన తండ్రి ముఖానికి తుపాకి గురిపెట్టడాన్ని ఆ పిల్లవాడు చూశాడు. కుటుంబం కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌కు వలసపోయింది. పన్నెండో ఏట తల్లి మరణించింది. పిల్లలకు దగ్గరగా ఉండాలని తండ్రి తన లారీ వ్యాపారం వదులుకుని లోహాలు కరిగించే కర్మాగారంలో కూలికి కుదిరాడు. ఉన్నత పాఠశాలలో రస్సెల్ ఆట చూసినవారెవరూ అతడు ముందుకు వస్తాడని అనుకోలేదు. జార్జి పౌల్స్ అనే ఉపాధ్యాయుడు మాత్రం అతన్ని చిన్నవారి జట్టులో పదహారవ ఆటగాడిగా ఉంచుకున్నాడు. ఉన్న దుస్తులు పదిహేను జతలే. చివరి జతను రస్సెల్, మరొక కుర్రవాడు వంతులవారీగా తొడుక్కునేవారు. పాఠశాల చదువు ముగిసేసరికి ఆరడుగుల తొమ్మిదంగుళాలకు చేరుకుంటున్న ఈ యువకునికి విద్యార్థి వేతనమిచ్చి చేర్చుకుంటామన్న కళాశాల దేశం మొత్తంమీద ఒక్కటే. అదే శాన్ ఫ్రాన్సిస్కో.

రెండవవాడు కె.సి. జోన్స్. 1932లో టెక్సస్‌లోని టేలర్‌లో పుట్టి, తల్లితో శాన్ ఫ్రాన్సిస్కో చేరాడు. ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. ఈ ఆటకు అది పొట్టి కిందే లెక్క. మాట్లాడటం బహు తక్కువ. కళాశాల వసతిగృహంలో రస్సెల్‌కు, ఇతనికి ఒకే గది ఇచ్చారు. మొదటి కొన్ని వారాలు జోన్స్ నోరే విప్పలేదని రస్సెల్ తరువాత వ్రాసుకున్నాడు. నోరు విప్పాక ఇద్దరూ మాట్లాడుకున్నదంతా ఆటను గురించే. బంతి ఏ కోణంలో తగిలితే ఏ దిక్కుకు పోతుంది, ఎదుటివాడు ఏ పాదం మీద బరువు మోపితే ఎటు తిరగలేడు, ఎగిరి బంతిని ఆపేవాడు ఎన్ని అంగుళాల ముందు ఎగరాలి అన్న లెక్కలు రాత్రిళ్ళు సాగేవి. క్షేత్రగణితం పాఠ్యపుస్తకాలనుంచి దిగివచ్చి కోర్టుమీద నడవడమంటే ఇదే.

అప్పటి శిక్షకులందరూ ఒక సూత్రం బోధించేవారు: రక్షణలో ఉన్నవాడు నేలను విడవరాదు. రస్సెల్ నేలను విడిచేవాడు. ఎత్తు దూకే పోటీలలో కూడా పాల్గొనే అతని కాళ్ళకు ఆ సూత్రం సరిపడలేదు. వూల్‌పర్ట్ మొదట్లో అభ్యంతరం చెప్పాడు, తరువాత ఊరుకున్నాడు. గురువు తన సిద్ధాంతాన్ని పట్టుకుని వేలాడకపోవడం కూడా ఒక బోధనా పద్ధతే. బంతిని ప్రేక్షకుల మధ్యకు కొట్టి చప్పట్లు కొట్టించుకోకుండా, తనవాడి చేతికి అందేటట్లు తట్టడం రస్సెల్ ప్రత్యేకత.

ఈ ఇద్దరూ కలిసి ఆడవలసిన 1953–54 సీజను మొదటి ఆటతోనే చెడింది. ఆ ఒక్క ఆట ఆడిన మరునాడు జోన్స్‌కు కడుపులో అపెండిక్స్ పగిలింది. ప్రాణం దక్కడమే గొప్ప అయింది. అతడు లేని జట్టు 14 గెలిచి 7 ఓడింది. జట్టులో ఐకమత్యం కూడా అంతంతమాత్రంగా ఉండేదని రస్సెల్ జ్ఞాపకాలు చెబుతున్నాయి. కనుక 1954 శరత్కాలంలో సాధన మొదలైనప్పుడు ఈ జట్టు దేశంలోనే మొదటిస్థానానికి చేరుతుందని ఎవరూ జోస్యం చెప్పలేదు.

డిసెంబరు ఆరంభంలో మొదటి రెండు పోటీలూ గెలిచారు. ప్రత్యర్థులు అంత గొప్పవారు కాకపోవడంతో ఎవరూ పట్టించుకోలేదు. 11వ తేదీన లాస్ ఏంజిలిస్ వెళ్ళి జాన్ వుడెన్ శిక్షణలోని యు.సి.ఎల్.ఎ. జట్టుతో తలపడి 47–40 తేడాతో ఓడిపోయారు. ఆ ఓటమికి ఈ చరిత్రలో ఒక విశిష్టత ఉంది. దాని తరువాత ఈ జట్టు మళ్ళీ ఓడటానికి రెండు సంవత్సరాల ఆరు రోజులు పట్టింది.

ఓడి వచ్చిన వారానికే అదే యు.సి.ఎల్.ఎ. జట్టు శాన్ ఫ్రాన్సిస్కోకు వచ్చింది. ఈసారి 56–44తో డాన్లు గెలిచారు. ఈ రోజులలోనే వూల్‌పర్ట్ తన మొదటి ఐదుగురిలో స్థిరమైన మార్పు చేశాడు. రస్సెల్, జోన్స్‌ల పక్కన హాల్ పెర్రీ అనే మూడవ నల్లజాతి విద్యార్థి ఆట ఆరంభంలోనే కోర్టుమీదికి రాసాగాడు. తక్కిన ఇద్దరు జట్టు నాయకుడు జెర్రీ ముల్లెన్, స్టాన్ బుకానన్. చదివేవారికి ఇది చిన్న మార్పుగా కనిపించవచ్చు. నాటి అమెరికా కళాశాలలలో ఎక్కడా కాగితంమీద లేని, అందరికీ తెలిసిన ఒక కట్టుబాటు ఉండేది. నల్లవాడు ఒకడుంటే సరే, ఇద్దరుంటే సహించవచ్చు, ముగ్గురు ఒకేసారి వద్దు. పాఠశాలలలో జాతి వివక్ష రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పి అప్పటికి ఏడు నెలలు. తీర్పు చెప్పినంత మాత్రాన జనం మారరు. వూల్‌పర్ట్‌కు దూషణలతో నిండిన ఉత్తరాలు వచ్చాయి. సొంత కళాశాల శ్రేయోభిలాషులమని చెప్పుకునేవారిలో కూడా గొణిగినవారున్నారు. ఆయన ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. బాగా ఆడేవారు ఐదుగురు, ఆ ఐదుగురినీ ఆడిస్తున్నాను అన్నట్లుగానే ప్రవర్తించాడు.

అసలు పరీక్ష క్రిస్మస్ సెలవులలో వచ్చింది. ఓక్లహోమా సిటీలో జరిగే అఖిల కళాశాలల పోటీకి జట్టు ప్రయాణమైంది. ఊరు చేరాక తెలిసినదేమంటే, నగరం నడిబొడ్డున ఉన్న హోటళ్ళలో తెల్లవారికి గదులున్నాయి, నల్లవారికి లేవు. ఇటువంటి సందర్భాలలో అప్పటి జట్లు అనుసరించిన మార్గం ఒకటుండేది. నల్లజాతి ఆటగాళ్ళను ఊరవతల వారి జాతివారి ఇళ్ళలో దింపి, తక్కినవారు హోటలుకు పోయేవారు. ఎవరూ దానిని ద్రోహమని అనుకోలేదు, లోకరీతి అనుకున్నారు. డాన్లు అట్లా చేయలేదు. అందరూ కలిసి ఆలోచించి, అందరూ ఒకచోటనే ఉండాలని నిర్ణయించారు. సెలవులకు మూసి ఉన్న ఒక కళాశాల వసతిగృహం దొరికింది. పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయి బోసిపోయిన ఆ భవనంలో శాన్ ఫ్రాన్సిస్కో విద్యార్థులు, నల్లవారు, తెల్లవారు, క్రిస్మస్ రోజులు గడిపారు. 1951 నాటి ఫుట్‌బాల్ ఆటగాళ్ళు కాదన్న మాటనే వీరు మరొక రూపంలో కాదన్నారు. రస్సెల్ దృష్టిలో జట్టు జట్టు అయింది అక్కడే.

సాధనకు కోర్టులో దిగినప్పుడు చూడవచ్చినవారిలో కొందరు వారిమీదికి చిల్లర నాణేలు విసిరారు. సర్కసు జంతువులకు తినుబండారాలు విసిరినట్లు. రస్సెల్ వంగి ఆ నాణేలు ఏరి, భద్రంగా దాచమని శిక్షకునికి ఇచ్చాడంటారు. లోపల ఏమి మరుగుతున్నదో అతనికే తెలియాలి. పోటీలో మాత్రం డాన్లు మూడు రోజులలో మూడు జట్లను ఓడించి విజేతలుగా తిరిగి వచ్చారు. ఆతిథ్య నగరపు కళాశాల జట్టు కూడా ఆ ఓడినవారిలో ఉంది.

అక్కడినుంచి విజయాల వరస తెగలేదు. ప్రత్యర్థులు ఒక్కొక్క ఆటలో సగటున 52 పాయింట్లకు మించి చేయలేకపోయారు. సీజను ముగిసేసరికి పత్రికావార్తా సంస్థల జాబితాలో జట్టు దేశంలో మొదటిస్థానంలో నిలిచింది. 1955 మార్చిలో జాతీయ పోటీలలో వెస్ట్ టెక్సస్‌ను, యూటాను తేలికగా దాటింది. ఓరెగాన్ స్టేట్‌తో జరిగిన ఆట ఒక్కటే ఊపిరి బిగపట్టించింది. ఆట ప్రత్యర్థుల ఊరిలోనే. వారి మధ్యస్థానంలో ఆడే యువకుడు ఏడడుగుల పైచిలుకు. 57–56, ఒక్క పాయింటు తేడా. ఆ ఒక్క బంతి అటు పడి ఉంటే ఈ వ్యాసానికి విషయం ఉండేది కాదు.

మార్చి 19న కాన్సస్ సిటీలో తుది పోటీ. ఎదురుగా ముందుటేడు విజేత అయిన లా సాల్ కళాశాల. అందులో టామ్ గోలా దేశమంతా కీర్తించిన ఆటగాడు. అతని ఎత్తు ఆరడుగుల ఆరంగుళాలు. అతనిని రస్సెల్ ఎదుర్కుంటాడని అందరూ అనుకున్నారు. వూల్‌పర్ట్ ఆ పనిని ఐదంగుళాలు పొట్టి అయిన జోన్స్‌కు అప్పగించి, రస్సెల్‌ను బుట్ట కాపలాకు వదిలాడు. గోలా 16 పాయింట్ల దగ్గర ఆగిపోయాడు. అతనిని అడ్డుకునే పనిమీద వెళ్ళిన జోన్స్ తానే 24 చేశాడు. రస్సెల్ 23 పాయింట్లు చేసి 25 రీబౌండ్లు పట్టాడు. 77–63. సీజను మొత్తం మీద 28 గెలుపులు, ఒక్క ఓటమి. శతజయంతి జరుపుకుంటున్న కళాశాలకు సొంత కోర్టు అప్పటికీ లేదు.

అంతటి సీజను ముగిశాక ఉత్తర కాలిఫోర్నియాలో ఉత్తమ ఆటగాడెవరని అక్కడి పత్రికారచయితలు ఆలోచించి, శాంటా క్లారా కళాశాలకు చెందిన కెనీ సియర్స్‌ను ఎన్నుకున్నారు. సియర్స్ మంచి ఆటగాడే. కాని జాతీయ విజేత జట్టుకు ప్రాణమైనవాడు, తుది పోటీల ఉత్తమ క్రీడాకారుడు అదే ప్రాంతంలో ఉండగా జరిగిన ఎన్నిక అది. ఇకమీదట వ్యక్తిగత బహుమతుల జోలికి పోకుండా, ఎవరి వోటుతోనూ పనిలేని జట్టు విజయాలనే లెక్కపెట్టుకోవాలని తాను తీర్మానించుకున్నట్లు రస్సెల్ తరువాతి కాలంలో చెప్పాడు.

నిబంధనలు చేసేవారు కూడా తమ వంతు స్పందించారు. బుట్ట ముందు ఆటగాడు ఎక్కువసేపు నిలవకూడని దారి వెడల్పు ఆరడుగులుండేది. మరుసటి సీజనుకు దానిని పన్నెండడుగులు చేశారు. పొడవాటివారు బుట్టకు దూరంగా నిలబడక తప్పదని, ఇక రస్సెల్ ఆటలు సాగవని అనుకున్నారు. జరిగింది దానికి విరుద్ధం. చోటు పెరిగితే మందగమనులకు గదా నష్టం! చురుకైన కాళ్ళవాడికి పన్నెండడుగులు వరమైంది.

1955–56లో ముల్లెన్, బుకానన్‌ల స్థానంలో మైక్ ఫార్మర్, కార్ల్ బోల్ట్ వచ్చారు. ఈసారి డిసెంబరు ప్రయాణం ఇంకా సుదీర్ఘమైనది. మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ బస్సులో సీటు వదలడానికి నిరాకరించింది 1955 డిసెంబరు 1న. అదే నెలలో ఈ జట్టు దక్షిణాదిన న్యూ ఆర్లియన్స్‌కు వెళ్ళి అక్కడి లయోలా కళాశాలతో ఆడి గెలిచింది. ఆ రాష్ట్రమే 1956లో నల్లవారు, తెల్లవారు కలిసి ఆడటాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. 1959లో న్యాయస్థానాలు దానిని కొట్టివేసేదాకా అది అమలులో ఉంది. అంటే డాన్లు వెళ్ళినది తలుపు మూసుకోబోయే ముందు. అక్కడినుంచి న్యూయార్కు వెళ్ళి మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో లా సాల్‌ను, హోలీ క్రాస్‌ను, చివరకు పాత ప్రత్యర్థి యు.సి.ఎల్.ఎ.ను 70–53తో ఓడించారు.

వరస విజయాల జాతీయ రికార్డు అప్పటికి 39. దానిని దాటవలసిన ఆట 1956 జనవరి 28న పొరుగునే ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో వచ్చింది. ఆ జట్టు శిక్షకుడు మరెవరో కాదు, ఒకనాడు డాన్లను నడిపిన పీట్ న్యూయెల్. రక్షణను ఎట్లా ఛేదించాలో తెలియనప్పుడు అసలు దాడే చేయకపోవడం ఒక ఉపాయమని ఆయన తలచాడు. కళాశాల ఆటలో బంతిని ఇంతసేపటిలో బుట్టకు వేయాలన్న నియమం అప్పుడు లేదు. అది 1985–86లో గాని దేశమంతటా రాలేదు. న్యూయెల్ ఆదేశం ప్రకారం అతని మధ్యస్థానపు ఆటగాడు కోర్టు మధ్యలో బంతిని చంకన పెట్టుకుని నిమిషాల తరబడి కదలకుండా నిలబడ్డాడు. జనం అరిచారు. రస్సెల్ అతనికి కొంతదూరంలో చేతులు వేలాడేసి నిలుచున్నాడు. చివరకు 33–24తో డాన్లే గెలిచారు. తన సొంత శిష్యపరంపరను ఆపడానికి గురువుకు నిశ్చలత తప్ప ఆయుధం దొరకలేదు.

జాతీయ పోటీల ముంగిట మళ్ళీ జోన్స్‌కు దెబ్బ తగిలింది. ఈసారి శరీరానికి కాదు, కాగితాలమీద. రెండేళ్ళ క్రితం అనారోగ్యానికి ముందు ఆడిన ఆ ఒక్క ఆటను పూర్తి సీజనుగా లెక్కగట్టి, అతని గడువు ముగిసిందని తేల్చారు. అతని స్థానంలో జీన్ బ్రౌన్ అనే నల్లజాతి విద్యార్థి దిగి లోటు తెలియనీయలేదు. మార్చి 23న ఎవాన్‌స్టన్‌లో అయోవాను 83–71తో ఓడించి డాన్లు రెండవసారి విజేతలయ్యారు. రస్సెల్ 26 పాయింట్లు, 27 రీబౌండ్లు. మొత్తం ఆటలు 29, గెలుపులు 29. ఓటమి ఎరుగకుండా జాతీయ విజేత అయిన తొలి కళాశాల జట్టు అదే. రస్సెల్, జోన్స్‌లు వెళ్ళిపోయిన తరువాత కూడా తమ్ముళ్ళు ఐదు ఆటలు గెలిచి, 1956 డిసెంబరు 17న ఇల్లినాయ్ చేతిలో 62–33తో ఓడారు. 60 ఆటల వరస అక్కడ తెగింది. ఆ సంఖ్యను 1970లలో దాటి 88కి చేర్చినది వుడెన్ నడిపిన యు.సి.ఎల్.ఎ. జట్టే. 1954 డిసెంబరులో డాన్లను ఓడించిన ఆఖరి జట్టు కూడా అదే కావడం ఈ చరిత్రలోని చమత్కారం.

తరువాతి కథ క్రీడాభిమానులకు తెలిసినదే. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో రస్సెల్, జోన్స్ కలిసి ఆడిన అమెరికా జట్టు తుది పోటీలో సోవియట్ జట్టును 89–55తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆపైన ఇద్దరూ బోస్టన్ సెల్టిక్స్ జట్టులో చేరారు. పదమూడు సీజన్లలో రస్సెల్ పదకొండుసార్లు విజేత. ఆటగాడిగా జోన్స్ ఎనిమిదిసార్లు. 1966లో రస్సెల్ ఆ వృత్తి సంఘంలో తొలి నల్లజాతి ప్రధాన శిక్షకుడయ్యాడు. హాల్ పెర్రీ న్యాయవాది అయ్యాడు. జోన్స్ 2020లో, రస్సెల్ 2022లో మరణించారు. రస్సెల్ ధరించిన 6వ సంఖ్యను ఆ వృత్తి సంఘం ఇకపై మరెవరికీ కొత్తగా ఇవ్వరాదని నిర్ణయించింది. పంచుకున్న పదిహేనో జతతో మొదలైన ఆటగాడతడు.

కళాశాలకు చివరకు వ్యాయామశాల వచ్చింది. రెండు విజయాలు తెచ్చిన ఉత్సాహంలో విరాళాలు పోగయి, యుద్ధాలలో మరణించిన విద్యార్థుల స్మారకంగా కట్టిన ఆ భవనాన్ని 1958లో ప్రారంభించారు. దానిని సంపాదించిపెట్టినవారిలో ఒక్కరూ విద్యార్థిగా అందులో ఆడలేదు. వూల్‌పర్ట్ మాత్రం ఒక సీజను అక్కడ శిక్షణ ఇచ్చాడు. ఆ 1958–59లో, సొంత కోర్టుమీద, ఆయన జట్టు 6 గెలిచి 20 ఓడింది. ఆరోగ్యం చెడి 1959లో ఆ పదవినుంచి తప్పుకున్నాడు. మరికొన్నేళ్ళు దక్షిణ కాలిఫోర్నియాలోని శాన్ డియెగోలో పనిచేసి, ఆటకు దూరంగా వాషింగ్టన్ రాష్ట్రంలోని సెక్విమ్ అనే చిన్న ఊరు చేరాడు. 1987లో మరణించాడు. క్రీడా ప్రముఖుల భవనంలో ఆయన పేరు చేర్చినది 1992లో. సెక్విమ్‌లో ఆయన చేసిన ఉద్యోగం పాఠశాల బస్సు నడపడం.